అసమాపక క్రియ

గుణుపురం ఆసుపత్రిలో
పుట్టినవాళ్ళ రిజిస్టరుకి ఎర్ర అట్ట, పోయినవాళ్ళదానికి నల్లది.
రెంటికీ చెందనివాళ్ళకి
అట్ట ఊడిన పల్చటి పుస్తకం ఒకటి.
పంతొమ్మిదేళ్ళుగా అది నా సొరుగులోనే ఉంటోంది.

సిస్టర్ సుభాషిణి గుమ్మంలోంచే చెప్పింది:
"మృత జన్మ. లేఖ."
లేఖ అంటే వాళ్ళ భాషలో రాయమని.
రాశాను. ఒడియా లిపిలో
ప్రతి అక్షరం గొడుగు పట్టుకునే ఉంటుంది,
ఎండైనా, వానైనా, ఇదైనా.

పక్క గడిలో ఇంగ్లీషు: స్టిల్‌బర్త్.
కదలని పుట్టుక.
ఫొటోని కూడా వాళ్ళు స్టిల్ అనే అంటారు.
ఇక్కడ ఫొటో ఎవరూ తియ్యలేదు.

మా ఇంటి మాట తెలుగు.
తెలుగులో దానికి రెండు క్రియలు:
చచ్చి పుట్టింది.
చిన్నప్పుడు పాతపట్నం బళ్ళో మేష్టారు చెప్పారు,
అన్నం తిని బడికొచ్చాడు అంటే
తినడం ముందు, రావడం వెనక.
ముందరిది అసమాపకం, ఒంటరిగా నిలబడలేదు.
నేను నేర్చుకున్న వాక్యాలన్నిటిలో ఇదొక్కటే
తలకిందులైపోయి కూడా
తప్పు కాకుండా ఉన్నది.

మా వైపు ఆడపిల్లని గుంట అంటాం.
అత్తగారు చెప్పింది:
"గుంటని గుంటలో పెట్టీసినాం బాబూ,
వంశధార ఒడ్డున, రాళ్ళు లేని సోటు సూసి."
ఆ రెండు మాటల మధ్య
ఆవిడ గొంతు ఎక్కడా తొట్రుపడలేదు.

మూడో రోజు దాలమ్మ తనే వచ్చింది.
కాగితం మిల్లులో మొగుడి సెలవుకి
ఈ కాగితం కావాలట.
జాకెట్టు మీద రెండు తడి మచ్చలు.
పాలకి ఎవరూ ఈ మాటకర్థం చెప్పినట్టు లేదు.
పైట లాక్కుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా
"ఏటి రాసినారు?" అంది.

ఒడియాది చదివాను. ఇంగ్లీషుది చదివాను.
"మన మాటలో సెప్పండి."
చెప్పాను, బల్లకేసి చూస్తూ.

"మరి బతికినాది?
తెల్లారగట్ల డొక్కలో తన్నీది.
రైలు కూత ఇంటే ఆగిపోయీది,
రైలెల్లిపోయాక మళ్ళీ తన్నీది.
బతికింది, సచ్చింది, పుట్టింది.
మూడు పనులు సేసింది నా గుంట.
మీరు రెండే రాసినారు."

గడి చిన్నది. ముద్ర అప్పటికే పడింది.
అంచున పెన్సిలుతో, తెలుగులో
బతికి
అని రాశాను.

ఆమెకి చదువు రాదు.
అదెక్కడుందో వేలు పెట్టి చూపించమంది.
ఆ వేలిచోట మడత పడకుండా
పట్టుకెళ్ళింది.