మంచుపెట్టె రివెట్లు

ఉప్పుకొలిమిలో కాగి, చన్నీళ్ళలో మునిగి వచ్చిన రివెట్లు
వెన్నలా మెత్తన.
ఎంతసేపని? ఓ గంట.
ఆపైన ఎవరూ ముట్టకుండా, నిప్పు తగలకుండా
పడుకున్నచోటే ముదురుతాయి.

అందుకే ఫోర్ట్ విలియంలో
బయట సుపీరియర్ సరస్సు గడ్డకట్టి మూలుగుతుంటే
షెడ్డు లోపల మళ్ళీ ఓ మంచుపెట్టె.
"ఈ ఊళ్ళో చలికి కరువా?" అని నవ్వింది
చేరిన రోజున హిల్యా రౌతియో.
ఆ ఇంటిపేరుకి వాళ్ళ ఫిన్నిష్‌లో కమ్మరి అని అర్థం.
మూడు తరాల్లో సుత్తి పట్టింది మాత్రం ఈమే.

రెక్కకి ఇవతల రివెట్ గన్‌తో హిల్యా,
అవతల చీకట్లో ఇనపదిమ్మ ఆనించి పరాస్కా.
ఒకరి భాష ఒకరికి రాదు.
ఒక తట్టు: బాగుంది.
రెండు: ఇంకోసారి కొట్టు.
మూడు: పీకెయ్.
ఆ చలికాలమంతా మాట్లాడుకున్నది అంతే.

జనవరిలో ఓ రాత్రి మంచుపెట్టె మోటారు కాలిపోయింది.
రివెట్ తల పగిలింది. మూడు తట్లు.
ఇంకోటి. మూడు తట్లు.
మేస్త్రీ గడియారం చూసుకుంటున్నాడు.
హిల్యా కొత్త ట్రే ఎత్తుకుని, వెనక తలుపు కాలితో తన్ని,
మోకాటిలోతు మంచులో గుచ్చి వచ్చింది.

లోపల ఏం జరుగుతుందో వాళ్ళకెవరూ చెప్పలేదు.
అల్యూమినియంలో కరిగి కనపడకుండా పోయిన రాగి
ఊరుకోదు.
చల్లారిన పాకంలో పలుకు కట్టినట్టు
జరిగి జరిగి తనవాళ్ళ పక్కకి చేరుతుంది.
కంటికి ఆనని నలుసులు, కోట్లకి కోట్లు.
లోహం వంగాలంటే వరస మీద వరస జారాలి కదా,
జారబోయిన ప్రతి వరసకీ
పంటికింద రాయిలా ఓ నలుసు.

అలాగని నలుసులు బలిస్తే బలమూ కాదు.
ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే
చిన్నవాటిని మింగి కొన్నే పెద్దవవుతాయి,
మధ్యలో దారులు తెరుచుకుంటాయి.
ముదరడం వేరు, ముదిరిపోవడం వేరు.
చిన్నగా ఉండాలి, చాలా ఉండాలి, దగ్గర దగ్గరగా ఉండాలి.

ఏప్రిల్‌లో మంచు కరిగాక
వెనక తలుపు దగ్గర బురదలో ఒక రివెట్ దొరికింది,
ఆ రాత్రి ట్రేలోంచి జారిందే అయుంటుంది.
హిల్యా ఏప్రన్‌కి తుడిచి, దిమ్మమీద పెట్టి
సుత్తితో ఒక్కటేసింది.
లొంగలేదు.
చలి ఎప్పుడు వదిలిందో, తన పని ఎప్పుడు మొదలెట్టుకుందో!

దాంతో రెక్కమీద ఊరికే ఒకసారి తట్టింది.
కాస్త ఆగి, లోపలి చీకట్లోంచి పరాస్కా
రెండుసార్లు తట్టింది.