రావద్దన్న తలుపు

నీలం అట్ట నోటుబుక్కు.
వార్కౌస్‌లో కాగితం మిల్లు వెనక వీధులన్నీ
పదిహేడేళ్లు అందులో కాపురం ఉన్నాయి.
రాసింది పెన్సిల్‌తోనే.
మైనస్ ఇరవైలో సిరా గడ్డకడుతుంది,
దేవుడి మాట గడ్డకట్టదులే
అనేది నాతో తిరిగే హెల్వి, ముక్కు తుడుచుకుంటూ.

సి మెట్లు, నాలుగో అంతస్తు: కుక్క. కరవదు, కరిచేట్టు నటిస్తుంది.
పసుపు ఇల్లు: నైట్ షిఫ్టు. రెండు దాటాకే బెల్లు కొట్టాలి.
కెర్ట్టు: చనిపోయినవాళ్లు లేస్తారా అని అడిగింది.
భర్తకు దగ్గు. ఆ మాట ఎత్తొద్దు.
వంతెన దగ్గర చివరి ఇల్లు, తోర్స్తి: రావద్దన్నాడు. రెండుసార్లు.

మళ్లీ వెళ్లినప్పుడు
మనిషిని మొదటిసారి చూసినట్టు చూడకూడదని
రాసుకున్నవి ఇవి. నాకు అంతే తెలుసు.

ఒక జనవరి సాయంత్రం సభలో
పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.
ఎక్కడో దూరాన కోర్టు చెప్పిందట:
చేత్తో రాసినా, చేతిసంచిలో దాచినా,
పేరు పట్టుకుని, వీధి పట్టుకుని వెతకగలిగితే
అది జ్ఞాపకం కాదు, రిజిస్టరు.
ఇంటివాళ్లను అడగందే వాళ్లను రాసుకోకూడదు.

నాకు నవ్వొచ్చింది.
నా పెన్సిల్‌కి కూడా ఒక కోర్టా!
ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.
నా గురించి ఎవరో రాసుకుని ఉంటే?
"అరవైకి దగ్గర. ఎడమ మోకాలు నొప్పి.
ఒంటరిది. కాఫీ ఇస్తే గంట కూర్చుంటుంది."
ఒక్క అక్షరం అబద్ధం కాదు.
అయినా దుప్పటి మెడదాకా లాక్కున్నాను.

అడుగుదామని బయల్దేరాను.
ఈసారి దేవుడి ఊసు లేకుండా.

సి మెట్ల కుర్రాడు ఇయర్‌ఫోన్ ఒక్కటే తీశాడు:
"రాసుకోండి. మీకంటే ఎక్కువ నా ఫోన్ రాసుకుంది."
పసుపు ఇంటావిడ మాట్లాడలేదు.
లోపలికెళ్లి పిల్లాడి రబ్బరు తెచ్చిచ్చింది,
చెరిపేదాకా గుమ్మంలోనే నిలబడింది,
పొట్టు కూడా తనే ఊదేసింది.

కెర్ట్టు అంది: "ఏం రాశావో చదువు."
చదివాను.
"భర్తకు దగ్గు. ఆ మాట ఎత్తొద్దు."
పొయ్యి మీద కాఫీ పొంగింది, ఎవరం లేవలేదు.
"మూడేళ్లయింది," అంది చివరికి.
"ఫోటోలున్నాయి, కోటుంది, చేపల గాలం ఉంది.
ఆ దగ్గు ఎక్కడా లేదు.
నువ్వు విన్నావన్నమాట."
ఆ కాగితం చింపి చేతిలో పెట్టాను.
"ఇది మీది," అన్నాను, "చట్టం ప్రకారం కూడా."
రొట్టెల డబ్బా తెరిచి, అడుగున పరిచి,
మూత గట్టిగా నొక్కింది.

మిగతా పేజీలు లైబ్రరీలో
ముక్కలు చేసే యంత్రానికి తినిపించాను.
మా నాన్న ముప్పై ఏళ్లు ఆ మిల్లులో
గుజ్జుని కాగితం చేశాడు.
నేను కాగితాన్ని మళ్లీ గుజ్జు దారి పట్టించాను.

ఏప్రిల్. చూరు నుంచి మంచు కారుతోంది.
చేతులు ఖాళీ, బుర్ర అంతకన్నా ఖాళీ.
వంతెన దగ్గర ఒక ఇంటి బెల్లు కొట్టాను.

"రావద్దన్నాను కదా."
"అన్నారా?"
"రెండుసార్లు!"
"ఉండేది. చెరిపేశాం. చట్టం."
గడ్డం గోక్కున్నాడు.
"అయితే ఇంకోసారి రాకుండా ఉండాలంటే?"
"రాసుకోవాలి. మీరు ఒప్పుకుంటే."

ఒక నీటి చుక్క మా ఇద్దరి మధ్య పడింది.
ఇంకొకటి.
కరెంటు బిల్లు వెనక్కి తిప్పి తెచ్చాడు.
నా పెన్సిల్ అడిగి తీసుకుని
తన పేరు తనే రాశాడు, పెద్ద అక్షరాల్లో,
కింద ఒక్క మాట: రావద్దు.
తారీకు కూడా వేశాడు.

ఇప్పుడు నా సంచిలో
ఊరు మొత్తం మీద ఒక్క పేరే ఉంది.
అతను నన్ను చూడనక్కర్లేదన్నాడు.
వంతెన మీద ఆగి, ఆ కాగితం
తడవకుండా కోటు లోపలి జేబులోకి మార్చుకున్నాను.