పార బొమ్మ

కంచరపాలెం మెట్టు దగ్గర, టైర్ల షాపు మేడ మీద
ఏడు కంప్యూటర్లు, ఆరు కుర్చీలు.
గంటకి పదిహేను. ఏసీ ఉందని బోర్డు మీద ఉంది.
కౌంటర్లో నేను,
చిల్లరకి బదులు చాక్లెట్లు ఇచ్చేవాణ్ణి.

కుర్రాళ్లంతా తుపాకుల ఆటల్లో మునిగుంటే
కిటికీ వైపు రెండింట్లో, కుర్చీ లేని ఏడోదాంట్లో
ఎప్పుడూ రోము కడుతూ ఉండేవారు.

జగ్గునాయుడు కార్పొరేషన్లో వాల్వులు తిప్పి రిటైరయ్యాడు.
మౌసుని కూడా వాల్వు తాళంలా
రెండు చేతుల్తో పట్టుకుంటాడు.
"ఆట బాగానే ఉంది గానీ బావూ,
ఈ నీళ్ల సంగతి మాత్రం పచ్చి అబద్ధం.
కాలవ కట్టేసినాం, ఫౌంటెన్ ఎట్టేసినాం,
ఇంక రాత్రీ పగలూ గలగలా పారిపోడమేనేటి?
ఎగువ వీధోలు మోటార్లు బిగించరు,
దిగువ వీధోలు నన్ను తిట్టరు,
తెల్లారగట్ట నాలుక్కి బిందె పట్టుకుని ఒక్కర్తీ రాదు.
ముప్పయ్యేళ్లు మేఘాద్రిగెడ్డ నీళ్లని
చెంచాతో పంచినట్టు పంచినాను.
బిందెల తగువు లేంది ఊరేటి?"
అంటూనే రోజూ రెండు గంటలు
ఆ అబద్ధం పక్కనే కూర్చునేవాడు.
ఫౌంటెన్ పొంగినప్పుడల్లా
సౌండు పెంచమనేవాడు.

రుక్సార్‌ది ఆర్కిటెక్చర్ మూడో ఏడు.
ఆమెకి నీళ్లతో పేచీ లేదు, ఇళ్లతో.
"అన్నా, గుడారం గుడిసవుతుంది, గుడిస పెంకుటిల్లవుతుంది,
నూనిచ్చి, కుండలిచ్చి, బడీ మంగలి కొట్టూ స్నానాల ఇల్లూ ఇచ్చి
ప్రాణం పెట్టి పెంచుతానా,
బంగళా అయిన మర్నాడు
ఆ ఇంట్లోంచి ఒక్కరూ పనికి రారు!
పొలం ఖాళీ, రేవు ఖాళీ,
నిప్పంటుకుంటే ఆర్పేవాడు లేడు.
ఇది ఆటలో తప్పా,
ఆట సరిగ్గా చెప్పిన ఒకే ఒక్క మాటా?"
అడిగి, జవాబు కోసం ఆగకుండా
బీచ్‌రోడ్డు విల్లాల ప్లాను చుట్టని చంకలో పెట్టుకుని
చివరి బస్సుకి పరిగెత్తేది.

మైలపిల్లి ఎర్రాజీ ఒక్కసారే వచ్చాడు, రీచార్జికి.
తెర మీద సముద్రాన్ని చూసి ఆగాడు.
దేవుడికి గుడి కట్టకపోతే పడవలు ముంచుతాడని చెప్పాను.
"హుద్‌హుద్‌ నాడు మా గంగమ్మకి ఏటి తక్కువ సేసినాం?"
అని నవ్వి, యాభై రూపాయలకి వేయించుకుని పోయాడు.

పైడంనాయుడు ఏ అభిప్రాయమూ చెప్పేవాడు కాదు.
నిలబడే ఆడేవాడు.
అతని రోము అష్టవంకర్లు.
రోడ్డు తిన్నగా వచ్చి, ఒక గుడారం ముందు తడబడి,
పక్కనించి చుట్టు తిరిగి, మళ్లీ తన దారి పట్టేది.
రథాల పందేల మైదానం పట్టే చోట
నాలుగు గుడారాలు, ఒక బావి.

"ఆ పార బొమ్మ నొక్కండి, చదునైపోతాయి," అన్నాను.
చక్రవర్తి ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు.
అనుగ్రహం పద్దెనిమిదికి దిగింది.
దండు బయల్దేరింది.
బాణం గుర్తు పార బొమ్మ దాకా వెళ్లేది,
కాసేపు దాని మీద వణికేది,
వెనక్కొచ్చేది.

ఓ సాయంత్రం డబ్బులిస్తుంటే పర్సులోంచి జారిపడింది
నాన్న పేరు మీద ఆర్ కార్డు,
స్టీల్‌ప్లాంటుకి ఊరు ఊరంతా ఇచ్చినందుకు.
లామినేషన్ అంచులు లేచిపోయాయి.
తీసి ఇచ్చాను. తుడిచి లోపల పెట్టుకున్నాడు.
"ఈ ఆటలో ఖాళీ చేయించినోళ్లు
తెర అంచు దాటాక ఎక్కడికెళ్తారండీ?"

తెలీదు.
మూట భుజాన వేసుకుని నడుస్తారు.
అంచు దాకా కనిపిస్తారు.

సెంటరు అమ్మేసినప్పుడు
డిస్కులన్నీ తుడిచి ఇమ్మన్నాడు కొన్నతను.
జగ్గునాయుడి ఫౌంటెన్లు ఇంకోసారి విన్నాను.
రుక్సార్ బంగళాలు అప్పటికే కాలుతున్నాయి.
ఒకే మీట. మీద బొమ్మేమీ లేదు.

లెక్కలో ఆరే రాశాను.
ఏడోది మా మంచం కింద ఉంది.
అందులో దండు
ఇంకా దారిలోనే ఉంది.