అందరూ ఆహ్వానితులే

కార్డు అడుగున ఆ రెండు మాటలూ
రోజుకి పదిసార్లు కొడతాను నేను.
ఏలూరు రోడ్డులో మెట్ల కింద దుకాణం,
ఒక కంప్యూటరు, రెండు జిరాక్సు మిషన్లు,
ప్రూఫు చూడమంటే కళ్లజోడు మర్చిపోయొచ్చే కార్యదర్శులు.
అధ్యక్షుల పేరు లావుపాటి అక్షరాల్లో,
ఆత్మీయ అతిథులు ఓ మాదిరిగా,
వందన సమర్పణ చీమ తలకాయంత.
చిట్టచివర, చోటు మిగిలితే,
అందరూ ఆహ్వానితులే.

ఓ వేసవి సాయంత్రం కరెంటు పోయింది.
అందరిలో నేనూ ఉన్నానా అని
మొదటిసారి అనుమానమొచ్చింది.
షట్టరు దించి, పమిట సర్దుకుని వెళ్లాను.
ఎవరూ ఆపలేదు.
పైగా టీ ఇచ్చారు.

అప్పట్నించీ వెళ్తూనే ఉన్నాను.
అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన్ని చూసి
ఇదీ ఒక పనేనా, అయితే మా ఆయనకి ఇప్పించొచ్చు అనుకున్నాను.
పళ్లెం అంచుల మీద కూచిపూడి పిల్ల నిలబడ్డప్పుడు
తెర పక్క నించుని వాళ్లమ్మ
ఆ పిల్ల కాళ్లకి బదులు తను వణికింది.
రెండు మాటలు చెప్పి ముగిస్తానన్న ప్రతి ఒక్కరినీ విన్నాను.
ఆ రెండో మాట ఇంతవరకూ రాలేదు.

ఓ ఆదివారం పొద్దున్నే వారసత్వ నడక.
మొగల్రాజపురం గుహల ముందు
టోపీ కుర్రాడు శతాబ్దాలు లెక్కపెడుతున్నాడు.
నా పక్కన రొప్పుతూ నడిచిన పెద్దావిడ, హైమావతి గారట,
నా చెవి దగ్గరకొచ్చి,
"ఇక్కడే దాగుడుమూతలాడేవాళ్లం, నేనూ మా చెల్లీ.
అది ఇంకా దొరకలేదమ్మా" అంది.
నవ్వాలో వద్దో తెలీక
స్తంభానికి ఫొటో తీశాను.

మొన్న శనివారం సభ పేరు
'బెజవాడ: నీరు, నాగరికత.'
కార్డు నేనే కొట్టాను.
నాగరికతకి దీర్ఘం ఒకటెక్కువైతే తీసేసిందీ నేనే.
తెర మీద బ్యారేజీ, పాత ఆనకట్ట,
పడవల రేవు, కాలువలు, పుష్కరాల జనం.
గంటన్నర సేపు కృష్ణమ్మ, కృష్ణమ్మ.
ప్రశ్నలుంటే అడగమన్నారు.
ఎప్పుడూ అడిగే ఆ నలుగురూ
ప్రశ్నంటూ లేచి ఉపన్యాసాలిచ్చి కూర్చున్నారు.
ఎలా లేచిందో, నా చెయ్యి లేచింది.

మైకు కుర్రాడు మోకాళ్లు దాటుకుంటూ వచ్చాడు.
"పేరు, సంస్థ చెప్పండి" వేదిక మీంచి.
పేరు సువార్త.
సంస్థ... జిరాక్సు.
నవ్వులు ఆగేదాకా ఆగాను.

మాది సింగ్ నగర్ సార్.
మా ఇంట్లోకి కృష్ణ ఎప్పుడూ రాలేదు.
వచ్చింది బుడమేరు.
గోడ మీద గీత ఇంకా ఉంది, నా భుజం దాకా.
ఫ్రిజ్జు వెల్లకిలా తేలింది.
పిల్ల మార్కుల కాగితాలు
ఇస్త్రీపెట్టె కింద ఒక్కొక్కటే ఆరబెట్టుకున్నాం.
ఇన్ని బొమ్మలేశారు, అది ఒక్కదాన్లోనూ లేదు.
అది నీరు కాదా సార్?

ఇంకో ప్రశ్న కూడా ఉంది, కార్డు మీది రెండో మాట గురించి.
గొంతులోనే ఆగింది.

ఆయన సీసా మూత తీశారు.
తాగకుండానే పెట్టేశారు.
మంచి ప్రశ్న అన్నారు.
సమయాభావం అన్నారు అధ్యక్షులు.
చీమ తలకాయంత పేరున్నాయన
ఆకాశమంత గొంతుతో వందనాలు మొదలుపెట్టారు,
హాలుకీ, మైకుకీ, టీ పోసినాయనకీ,
కార్డులు సకాలంలో అందించిన దుకాణానికీ.

మెట్ల మీద ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు.
హైమావతి గారు.
ఆ గీత చూపిస్తావా, ఏ బస్సెక్కాలి, అంది.
వెనకాలే ఇంకెవరో,
ఆదివారమైతే మేమూ వస్తాం అన్నారు.
టోపీ కుర్రాడేమో గోడ ఎత్తెంతని అడిగాడు.

ఇంటికెళ్లేసరికి
బకెట్లో సున్నం కలిపి ఉంది.
కుంచె తడుపుతున్నాడు మా ఆయన.
ఎన్నాళ్లు చూస్తాం దాన్ని, అన్నాడు.

ఈ ఆదివారం దాకా ఆగమన్నాను.