ఎర్ర కాగితం చుట్టిన టార్చి

రాత్రి పదకొండు దాటాక,
బడాబజారు వైపు చివరి ఆటో దగ్గుకుంటూ వెళ్లిపోయాక,
టార్చికి ఎర్ర గ్లాసు కాగితం చుట్టి
తొట్టె ముందు మోకాళ్ల మీద కూచుంటాను.
ఎరుపు దానికి కనబడదట.
దొంగలా చూడటానికి బరంపురంలో నాకు దొరికిన దారి ఇదే.

కలకత్తా నుంచి తడి గుడ్డలో వచ్చిన రాయి.
నేను కొన్నది రాయిని మాత్రమే.
దాని మీద ఇంకెవరైనా ఉన్నారా అని
అమ్మినవాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.
మొదట నశ్యం మరకంత.
దసరా వెళ్లేసరికి చొక్కా బొత్తామంత,
అంచున పచ్చగా, లోపల కాఫీ మడ్డి రంగులో.

ఉప్పు పొడి తెప్పించిపెట్టే పాణిగ్రాహి ఫోన్‌లోనే తేల్చేశాడు:
"కలుపు మొక్కలాంటిది. ఒకటి ఇరవై అవుతుంది.
సిరంజిలో నిమ్మరసం ఎక్కించు, ఆలోచించకు."
రత్నమాల సిరంజి కడిగి గట్టు మీద పెట్టింది.
నాలుగు రోజులుగా అది అక్కడే ఉంది.

నేను పళ్లు కట్టేవాణ్ణి.
ముప్ఫై ఏళ్లుగా మైనంలో ఊళ్లోవాళ్ల నోళ్లు చెక్కుతున్నాను.
ఆ పని భూతద్దమే కంటికి తగిలించుకుని లెక్కపెడతాను.
వేళ్లు ఎనిమిదై, ఒక్కోదానికి ఈకలాంటి అంచుంటే మెత్తటి జాతి.
ఆరో ఎక్కంలో నడిస్తే రాతి జాతి కావచ్చు.
పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది...
ముడుచుకుంది.
మళ్లీ మొదటినుంచి.

రొయ్య రసం ఒక చుక్క వదిలితే
నడిమధ్య నోరు తెరుచుకుంది, పలువరుస లేని నోరు.
అలాంటిది కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

పొద్దున్న గోపాలపూర్ నుంచి చేపల గంపతో
సూరాడ కొర్లమ్మ వచ్చింది.
"ఏటి బాబూ, పారని ఇంటికి తెచ్చీసినారు?"
పేరేమిటని అడిగాను.
"దానికి పేరెందుకు?
అది వల చింపీసిన సోటుకి మేం పేరెట్టుకుంతాం.
మా మావ వల పోయిన కాడ మావ పేరు."
కవళ్లు తూచి, చిల్లర లెక్కచూసుకుని వెళ్లిపోయింది.

పెద్ద తుఫాను ఏడాది
పోలీసు ఒక కవరులో పై పళ్ల సెట్టు తెచ్చాడు.
"ఏఇటా ఆపణంక కామ కి?"
నా పనే. ఎడమ కోరపన్ను కాస్త వంచి కడతాను,
కట్టుడుదని తెలియకూడదని.
ఎవరిది?
రిజిస్టరు అటక మీద నానిపోయి
పేర్లన్నీ ఒకే నీలి మరకలో కలిసిపోయాయి.
అరవై దాటినవాడు, కుడివైపు వక్క నమిలేవాడు
అని మాత్రం చెప్పగలిగాను.
అరుగుదల చెప్పింది అంతే.
కాగితం మీద అజ్ఞాత అని రాసుకున్నాడు.
కింద సంతకం, ఎప్పుడూ తెలుగులో చేసేవాణ్ణి,
ఆరోజెందుకో ఒడియాలో పెట్టాను.

ఇవాళ మైనం చెక్కే సూదితో మెల్లగా తాకాను.
టిక్.
పంటి మీద తగిలినట్టే.
అయితే రాతి జాతే.
రాతి జాతిని ఇంట్లో ఉంచకూడదని చట్టం.
సముద్రంలో పుట్టినా అది అడవి శాఖ లెక్కలోనిదేనట.
పేరు తేలిన రోజు
ఎవరికో ఒకరికి చెప్పాల్సి వస్తుంది.

కొత్త నోటుబుక్కు తీశాను.
తేదీ. రాయి. వెడల్పు పద్నాలుగు మిల్లీమీటర్లు.
పేరు గడి దగ్గర పెన్ను ఆగింది.
పక్కన నోటి బొమ్మ గీశాను, ఎప్పటి అలవాటో.

"తేలిందా?" మంచం మీంచి రత్నమాల.
"ఇరవైమూడు."
"అంటే ఏది?"
"ఏదీ కాదు. ఒకటి ఎక్కడో ముడుచుకుని ఉంది,"
అన్నాను,
టార్చి ఆర్పకుండానే.