రెప్ప దాటిన చుక్క

కజాన్‌లో ఫిబ్రవరి. ఎనిమిదైనా
వీధి దీపాలు ఆరలేదు.
బూట్ల మీది మంచు మెట్ల దగ్గరే దులిపి
రమ్జియా తెల్లకోటు తొడుక్కుంటుంది.
ముందు రేడియేటర్ మీద చేతులు కాచుకుంటుంది.
చల్లటి చెయ్యి తగిలితే కుందేలు బెదురుతుంది మరి.

పద్నాలుగో నంబరు.
ఎడమ కన్ను చింతనిప్పు,
నల్లగుడ్డు మీద పాలు ఒలికినట్టు మసక.
ఆ మంట మేమే పెట్టాం.
రిపోర్టులో ఈ వాక్యం వేరేలా ఉంటుంది.

నాది కింది అంతస్తు. నేను కణాలు కడతాను.
ఒంట్లో రేగే నిప్పుని ఆర్పే ఎంజైము ఒకటుంది,
ఒట్టిగా కంట్లో వేస్తే నిలవదు.
కంటికి రెప్పలా అంటారు గానీ
ఆ రెప్ప ఎంత నిర్దయో
మందు కలిపేవాణ్ణి అడగాలి.
నలుసనీ చూడదు, మందనీ చూడదు.
ఒక్క ఆర్పు,
సగం చెంప మీదికి, సగం ముక్కులోకి.
కన్నీరు కడిగిందంటే కడిగిందే.

అందుకని దానికో చొక్కా.
ఎంజైముది రుణావేశం, పాలిమరుది ధనావేశం,
కలిపితే వాటంతటవే అల్లుకుంటాయి,
తేనెపాకం పట్టిన చక్‌చక్ ముద్దలా.
వెంట్రుకని అడ్డంగా రెండువేలుగా చీల్చు,
అందులో ఒక్క చీలికంత.
నా ఆరేళ్ళు అందులోనే ఉన్నాయి,
బయటికి ఏమీ కనిపించదు,
సీసాలో నీళ్ళు, అంతే.

రమ్జియా అన్న నూర్‌గాలి
ట్రామ్ నడిపేవాడు.
ఇప్పుడు వంటింట్లో కూడా నల్లద్దాలే.
కిటికీ అవతలి మంచు
సూదులై గుచ్చుతుందంటాడట.
పాత చుక్కలు మంట తగ్గిస్తాయి,
కంటి ఒత్తిడి పెంచుతాయి.
ఒక చేత్తో ఇచ్చి ఒక చేత్తో లాక్కోవడం.

"మనుషులకి ఎప్పటికి?" అనడిగింది ఒకసారి,
సిరంజిలు లెక్కపెడుతూ.
"అన్నీ కలిసొస్తే పదేళ్ళు."
ఆమె లెక్క తప్పింది,
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఎనిమిదో రోజు పైకి పిలిచింది.
ఏమీ చెప్పలేదు, దీపం కాస్త పక్కకి జరిపింది.
పాలు విరిగినట్టు మసక విడిపోయి
అడుగున గోధుమరంగు పాప.
ఎడమవైపు వేలు ఊపితే
చెవులు రెండూ అటు తిరిగాయి.
నేను నవ్వాను. తను నవ్వలేదు.
పదో రోజు ఏముంటుందో
ప్రోటోకాల్‌లో చదివింది తనే కదా.

పదో రోజు తనే ఎత్తుకెళ్ళింది,
చేతులు కాచుకునే.
కన్ను పల్చటి పొరలై గాజుపలకలెక్కింది,
నా గ్రాఫ్‌లో ఒక చుక్క అయింది,
మంచి చుక్క. ఎక్కడుండాలో అక్కడే ఉంది.

ఆ రాత్రి ఫ్రిజ్‌లో
సీసా అడుగున రెండు మిల్లీలీటర్లు మిగిలింది.
తాళంచెవి ఆమె దగ్గరే.
తెల్లారి నేను ముందొచ్చాను,
ఎవరూ లేరని చూసి
సీసాని వెలుతురుకెత్తి కొలిచాను.
రెండు మిల్లీలీటర్లు.
చుక్క తగ్గలేదు.

ఎందుకు కొలిచానో
ఏ నోటుబుక్కులోనూ రాయలేదు.
సీసా ఎక్కడిదక్కడ పెట్టి, లేబుల్ ముందుకి తిప్పేసరికి
మెట్ల మీద బూట్లు దులుపుతున్న చప్పుడు.

పదిహేనో నంబరు గూట్లో కదిలింది.
రేడియేటర్ మీద రెండు చేతులు.