రెండువేల తొంభై

కోరుట్ల పాత టాకీస్‌ల సెకండ్ షో.
తెర మీద రెండువేల తొంభయ్యో సంవత్సరం.
తుప్పు రంగు ఆకాశం,
పేర్లు పోయి నంబర్లు మిగిలిన మనుషులు.
గోడల ఒక కన్ను.
దానికి వేలు చూపెడితేనే తలుపు, నీళ్లు, గుక్కెడు గాలి.
కథ నాదే.
హైదరాబాద్‌ల ఏసీ గదిల కూసోని
మూడు నెలలు భయాన్ని ఊహించి రాసిన.

పక్క సీట్ల మా మేనత్త దేవవ్వ.
ఒళ్లె చాట లేదు గని వేళ్లు ఊకుంటలేవు,
చీకట్ల
తునికాకు లేకుండనే బీడీ చుడుతున్నయి.

తెర మీద ముసలామె వేలు పెట్టింది.
కన్ను ఎర్రబడ్డది. ‘నువ్వు లేవు’ అన్నది.
ముందు వరుసల ఎవడో ఈలేసిండు.
అత్త మెల్లగ,
“కొబ్బరినూనె రాసి మల్ల పెట్టుమను.
మా డీలరు గట్లనే చెప్తడు.
ఒక్కోపారి నాలుగోసారికి తీస్కుంటది.”

నలభై ఏండ్లు, దినాం వెయ్యి బీడీలు.
ఆ వేలి మీది గీతలు
ఎవరెవరి ఊపిరితిత్తులల్లనో కాలిపోయినయి.

ఇంటర్వెల్ల సమోస కొరుక్కుంట అడిగింది:
“ఇది ఏ సాల్ల జరిగింది బిడ్డా?”
జరగలే అత్తా, జరగబోయేది, అన్న.
“మొన్న ఏడో తారీఖు గాదు?
ఉత్త సంచి మడతపెట్టుకొని ఇంటికచ్చిన గద.”

మిగిలిన సినిమా నేను చూడలే.
తెర వెలుతుర్ల ఆమె బొటనవేలే చూసిన.
నున్నగ,
తుడిచిన పలక లెక్క.

ఆఖర్ల జనం రాళ్లతోని కన్నును పగులగొట్టిండ్రు.
హాలంత చప్పట్లు.
అత్త కాళ్లతోని చెప్పులు దేవులాడుకుంట,
“గిదొక్కటి నువ్వు కల్పిచ్చినట్టున్నది,” అన్నది.
“పోదాం పా.
పొద్దుగాల కార్ఖానల కట్టలు ఒప్పజెప్పాలె.”